జేబులో గులకరాళ్ళు

ఆటకి నాలుగు గంటల ముందే వచ్చేవాడు
దారియో లెడెస్మా.
అప్పటికి స్టేడియంలో నేనూ, నా నీళ్ళ గొట్టమూ,
బ్యూట్ ఊరి రాగి గని గోతి మీదుగా వీచే చల్లగాలీ.
అంతే.

మేనేజరంటే నీడన కూర్చునేవాడనుకున్నాను.
ఇతను తిన్నగా రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య మట్టిలోకి నడిచి
నడుం వంచి
పడిపోయిన ఉంగరాన్ని వెతికినట్టు వెతికేవాడు.
శనగగింజంత రాయి దొరికినా జేబులో పడాల్సిందే.
"బంతి నా మాట వినదు తియెర్రా,
రాయి మాట వింటుంది."
తియెర్రా అంటే వాళ్ళ భాషలో మట్టి.
పదకొండు వేసవుల్లో నా అసలు పేరు
ఒక్కసారే పలికాడు.

ఓడిపోతే మట్టి కరిచామంటారు కదా,
ఇతను నిజంగానే చిటికెడు నాలిక మీద వేసుకుని
"ఇవాళ నీళ్ళెక్కువ పెట్టావు" అనేవాడు.
వాళ్ళావిడ నెలీదా నాతో మొరపెట్టుకుంది:
రెండు వాషింగ్ మెషిన్లు పోయాయట ఆ రాళ్ళకి.

పుట్టింది కబీమాస్‌లో,
సరస్సు నిండా చమురు బావులున్న చోట.
జిడ్డు బంతులతో నేర్చుకున్న చేతులవి.
పెద్ద లీగ్‌లో నలభై ఒక్క ఆటలు దక్కాయి.
నలభై ఒకటో దాంట్లో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో,
చంటిపిల్లాడు కూడా ఆపగల బంతి
నేలబారుగా వచ్చి వచ్చి
ఆఖరి గెంతులో గొంతు మీదికి లేచింది.
కాలు జారితే తీసుకోవచ్చు.
చెయ్యి జారిందని రాశాయి పేపర్లు.
"రాయి" అన్నాడు అతను,
అడిగినవాళ్ళతో, అడగనివాళ్ళతో,
ఇరవయ్యారేళ్ళు.

తర్వాత ఎనిమిదేళ్ళు మూడో బేస్ పక్కన నిలబడి
ఎవరెవరి కుర్రాళ్ళనో ఇంటికి పంపాడు,
కుడిచెయ్యి గిరగిరా తిప్పుతూ.
ఒకణ్ణి రెండడుగుల తేడాలో అవుట్ చేశారు.
జనం వాణ్ణి తిడుతుంటే ఇతను గీత దాటి ముందుకొచ్చి
తన రొమ్ము తట్టుకున్నాడట:
పంపింది నేను, నన్ను తిట్టండి.

మా ఊళ్ళో అతని అసలు ఉద్యోగం
కుర్రాళ్ళకి వద్దని చెప్పడం.
ఆఫీసులో చెప్పేవాడు కాదు, అక్కడ కుర్చీ ఉందని.
నా సామాన్ల షెడ్డులోకి తీసుకొచ్చేవాడు.
ఇద్దరూ నిలబడే, పారల మధ్య.
ఆ జులైలో కోల్ బ్రెన్నెమన్ అనే వాడు,
పంతొమ్మిదేళ్ళు, చెవుల వెనక ఎండకి తోలు లేచింది.
"నీ చేతులు మంచివి. కాళ్ళు ఆలస్యం."
"ఇంకొక్క వారం?"
"లేదు."
ఆ మాటకి ఏ తోకా తగిలించలేదు.
బస్సు ఆరుంపావుకని చెప్పి, తన శాండ్‌విచ్ ఇచ్చాడు.
వాడు వెళ్ళాక గొర్రు తీసుకుని
బూటు మేకులు గుచ్చుకున్న చోట నేల సర్దాడు.
షెడ్డు నేలకి ఆ అవసరం లేదు.
నేను గడ్డి కత్తెర్లు లెక్కపెడుతున్నట్టు నటించాను.

ముప్ఫయ్యేళ్ళుగా ఈ మట్టి దువ్వుతున్నవాణ్ణి,
నాకు తెలిసింది ఒకటుంది:
రాయి లేకపోయినా బంతి లేస్తుంది, ఒక్కోసారి.
అతనితో అనలేదు.
అనడానికి నేనెవర్ని?

ముప్ఫయ్యొక్క గెలుపులు, నలభై అయిదు ఓటములు.
ఓనరు కొడుకు ఫోన్లో చెప్పాడు, రెండు నిమిషాల్లో.
మర్నాడు కూడా నాలుగు గంటల ముందే వచ్చాడు,
ఆటకి కాదు, చెప్పులు తీసుకెళ్ళడానికి.
అలవాటుగా వంగి, ఏమీ ఏరకుండానే లేచి,
చేతులు దులుపుకుని, నా వైపు చూడకుండా
"ఆ రోజు రాయి లేదు, ఎమ్మెట్" అన్నాడు.

చివరి అక్షరం వాళ్ళ యాసలో తిరగబడింది.
నేను నీళ్ళ గొట్టం తిప్పాను.
మూడో బేస్ వైపు ఇంకా పొడిగానే ఉంది.